హీల్ ఇస్తూనే ఉన్నా తిట్లే: సపోర్ట్ ఆడేవాళ్లు ముందు ఏం నేర్చుకోవాలి?

ప్రశ్న: బెంగళూరు మారతహళ్లిలో పీజీలో ఉంటున్నాను. రూమ్మేట్లు ముగ్గురూ మనవాళ్లే, ఒకరిది కడప, ఇద్దరిది నెల్లూరు. వాళ్లతో కలిసి కొత్తగా వాలరెంట్ (ఐదుగురేసి రెండు జట్లు ఆడే తుపాకుల గేమ్) ఆడుతున్నాను. నాకు గురి సరిగా లేదని సేజ్ అనే సపోర్ట్ పాత్ర తీసుకోమన్నారు. ఎవరికి దెబ్బ తగిలినా పరిగెత్తుకెళ్లి హీల్ ఇస్తాను (ప్రాణం నింపుతాను). అయినా ‘హీల్ ఎక్కడ, వాల్ ఎక్కడ’ అని తిట్లే. స్కోర్‌బోర్డులో ఎప్పుడూ అట్టడుగున ఉంటాను. సపోర్ట్ నాకు సరిపడదా? డ్యూయలిస్ట్‌కి (ముందు దూకి కాల్చే పాత్ర) మారిపోనా? ఇంకో సమస్య: రాత్రి పది దాటాక పీజీ వైఫైలో గేమ్ ఆగి ఆగి నడుస్తుంది. దానికేమైనా మార్గముందా?

జవాబు: మారొద్దు, కనీసం ఇప్పుడే వద్దు. తప్పు ఎక్కడుందో మీ ఉత్తరంలోనే ఉంది: ‘ఎవరికి దెబ్బ తగిలినా పరిగెత్తుకెళ్లి’ అన్నారు చూడండి, అక్కడ. సపోర్ట్ ఆడేవాళ్లు ముందుగా మానుకోవాల్సింది ఆ పరుగే.

సేజ్ అంటే డాక్టరు అని మీ రూమ్మేట్లు చెప్పి ఉంటారు. ఆమె దగ్గరున్న వాటిలో హీల్, చచ్చినవాణ్ని లేపే రిజరెక్షన్ మాత్రమే వైద్యం. స్లో (నడక నెమ్మదించేది), వాల్ (దారికి అడ్డం పెట్టే గోడ) రెండూ అవతలివాళ్ల సమయం తినడానికి ఉన్నవి. వేరే ఏజెంట్ల (పాత్రల) దగ్గరున్నవీ, బ్రిమ్‌స్టోన్ స్మోక్ (పొగ) అయినా, కిల్‌జాయ్ టరెట్ అయినా, సైఫర్ వైరు అయినా అంతే. రౌండుకి 100 సెకన్లు. అటాక్ జట్టు సైట్ అనే నిర్ణీత చోట స్పైక్ (బాంబు) పెట్టాక పేలడానికి 45 సెకన్లు. డిఫెన్స్ జట్టు దాన్ని డిఫ్యూజ్ (నిర్వీర్యం) చేయడానికి 7 సెకన్లు. సపోర్ట్ ఆట మొత్తం ఈ మూడు అంకెల మధ్యే నడుస్తుంది. అవతలివాళ్లని ఏ పది సెకన్లు ఆపితే మన జట్టుకి పని జరుగుతుందో ఆ పది సెకన్లు ఆపడమే మీ ఉద్యోగం.

ముందు హీల్ సంగతి. సేజ్ హీల్ ఇవ్వగానే ప్రాణం ఒక్కసారిగా నిండిపోదు, కొన్ని సెకన్ల పాటు మెల్లగా ఎక్కుతుంది. అవతల వాండల్ (రైఫిల్) గుండు తలకి తగిలితే 160, ఒంటికి తగిలితే 40 పోతుంది. కాబట్టి కాల్పుల మధ్యలో ఉన్నవాడికి హీల్ వేస్తే అది వాణ్ని కాపాడదు. పైగా హీల్ చేతిలో పట్టుకున్నంతసేపూ మీ చేతిలో తుపాకీ ఉండదు. అవతలివాడు ఇద్దర్నీ కొట్టేస్తాడు. అలాంటప్పుడు హీల్ తియ్యకండి, తుపాకీ తియ్యండి. మీవాణ్ని కొడుతున్నవాణ్ని మీరు కొడితే అంతకు మించిన హీల్ లేదు. కాల్పులు ఆగాక, ఇద్దరూ ఒక గోడ చాటుకి వచ్చాక అప్పుడు హీల్.

హీల్ మళ్లీ సిద్ధమవడానికి ముప్పావు నిమిషానికి తగ్గదు. ప్యాచ్‌లతో (గేమ్ అప్‌డేట్‌లతో) ఇలాంటి అంకెలు మారుతుంటాయి, ఏజెంట్ వివరాల్లో ఒకసారి చూసుకోండి. అంటే ఒక రౌండులో మామూలుగా దొరికేది ఒకటి రెండుసార్లే. 100కి 85 ప్రాణం ఉన్నవాడు ‘హీల్ హీల్’ అని అరిచినా ఇవ్వకండి. 50 కంటే కిందికి పడ్డవాడికి ఇవ్వండి. ఇద్దరుంటే సైట్‌లోకి ముందు దూకేవాడికి లేదా ఆపరేటర్ (స్నైపర్ తుపాకీ) పట్టుకున్నవాడికి ఇవ్వండి, వెనక మూల కాసేవాడు ఆగొచ్చు. ఇంకోటి, హీల్‌తో ప్రాణమే పెరుగుతుంది, కొనుక్కున్న షీల్డ్ (కవచం) తిరిగి రాదు. ‘నాకు ఫుల్ హీల్ పడింది’ అని ధైర్యంగా దూకి ఒక్క దెబ్బకి పోయేవాళ్లు చాలామంది ఈ సంగతి తెలియకే పోతారు.

ఇక నిలబడే చోటు. కొత్తవాళ్లు సపోర్ట్ అనగానే అందరికంటే వెనక, స్పాన్‌కి (రౌండ్ మొదలయ్యే చోటికి) దగ్గర్లో నిలబడతారు. లేదంటే హీల్ కోసం అందరికంటే ముందుకి పరిగెడతారు. మీ చోటు ఈ రెండూ కాదు, ముందు వెళ్లేవాడి వెనకే, వరసలో రెండోది. ఎంట్రీ ఇచ్చేవాడు (సైట్‌లోకి ముందు దూకేవాడు) ఒక మూల తిరిగితే మీరు ఆ మూల దగ్గర ఉండాలి, తుపాకీ చేతిలో, గురి తల ఎత్తున. వాడు పడిపోతే వాణ్ని కొట్టినవాడి గురి ఇంకా వాడు పడిన చోటే ఉంటుంది. మీకు దొరికేది ఒకటి రెండు సెకన్లు. ఆ సమయంలో మీరు బయటికి వచ్చి కొడితే ఒకడికి ఒకడు, ట్రేడ్ అయింది. ఐదు సెకన్లు ఆలోచిస్తే అవతలివాడు రీలోడ్ చేసుకుని చోటు మార్చేస్తాడు, అప్పుడు మీరూ పోతారు. గురి గొప్పగా లేనివాళ్లకి కూడా ట్రేడ్ దొరుకుతుంది, ఎందుకంటే అవతలివాడు మిమ్మల్ని చూడటం లేదు. మీకు ఇప్పుడు రావాల్సిన కిల్స్ ఇవే.

వాల్ దగ్గర జరిగే తప్పు ఇంకోటి. రౌండ్ మొదలవగానే దారి మూసేసి నిశ్చింతగా కూర్చుంటారు. ఎవరూ పగలగొట్టకపోతే వాల్ 40 సెకన్లుంటుంది. కానీ పెట్టిన మొదటి క్షణాల్లో అది మెత్తగా ఉంటుంది, కాసేపటికి గట్టిపడుతుంది. అవతలివాళ్లు పక్కనే ఉన్నప్పుడు పెడితే రైఫిళ్లతో ఇట్టే పగలగొడతారు. నాలుగు ముక్కలుగా ఉంటుంది, ఒక ముక్క పోతే మనిషి పట్టే సందు వచ్చేస్తుంది, మిగతా మూడు నిలబడి ఉన్నా లాభం లేదు. కాబట్టి అవతలివాళ్లు ఇంకా దూరంలో ఉండగా పెట్టండి, పెట్టాక దాని మీదే గురి ఉంచి పక్కనుంచి చూస్తూ ఉండండి. పగులుతున్న శబ్దం రాగానే ‘ఏ మెయిన్‌లో (A సైట్‌కి వెళ్లే ప్రధాన దారిలో) వాల్ కొడుతున్నారు’ అని చెప్పండి. ఆ సమాచారంతో సగం పని అయినట్టే. రైట్ క్లిక్‌తో వాల్ తిప్పుకోవచ్చు, అడ్డంగా పెట్టాల్సినది నిలువుగా పెట్టేసి దారి మూసుకోకుండా పోయే ప్రమాదం దాంతో తప్పుతుంది.

స్లో నేల మీద సుమారు 7 సెకన్లుంటుంది. దాని మీద నడిస్తే చప్పుడు వినపడుతుంది. ఇది మనవాళ్లని కూడా నెమ్మదిస్తుంది, అందుకే మన ఎంట్రీ దూకే దారిలో ఎప్పుడూ వెయ్యకూడదు. అడుగుల చప్పుడు వినగానే దారి మొదట్లో కాదు, వాళ్లు దూకి పడే చోట వెయ్యండి.

ఇప్పుడు అసలు లెక్క, స్పైక్ పెట్టాక. 45 సెకన్లలో డిఫ్యూజ్‌కి 7 పోతే 38. అంటే స్పైక్ పెట్టిన 38వ సెకను లోపు అవతలివాళ్లు డిఫ్యూజ్ మొదలుపెట్టకపోతే రౌండ్ మనదే. ఒక మినహాయింపు ఉంది: 3.5 సెకన్లు పూర్తయితే సగం పని నిలిచిపోతుంది, మళ్లీ వచ్చి మిగతా 3.5 చేస్తే చాలు. కొత్త సపోర్ట్‌లు స్పైక్ పెట్టిన మరుక్షణం వాల్, స్లో, స్మోక్ అన్నీ ఒకేసారి కుమ్మరించేస్తారు. పదిహేను సెకన్లు గడిచేసరికి చేతిలో ఏమీ మిగలదు, అవతలివాళ్లు అప్పుడే రావడం మొదలుపెడతారు. ఒక్కొక్కటిగా వాడండి. స్పైక్ పెట్టేటప్పుడు వాల్ చాటు. పెట్టాక చాటులోకి వెళ్లి ఆగండి. అవతలివాళ్లు ఏ దారిన వస్తున్నారో తెలిశాక ఆ దారిలో స్లో. డిఫ్యూజ్ చప్పుడు వినపడితే అప్పుడు బయటికి రండి. చాలామంది ఒక క్షణం నొక్కి వదిలేసి మీరు తల బయటపెట్టేదాకా ఎదురు చూస్తారు, అందుకే మొదటి చప్పుడుకే దూకకండి. చప్పుడు ఆగకుండా సాగితే వెళ్లాల్సిందే, 3.5 సెకన్లు దాటనివ్వొద్దు. బ్రిమ్‌స్టోన్ ఆడుతుంటే నిప్పు డబ్బా ఒకటి ఈ క్షణం కోసం దాచుకోండి. దూరంనుంచే స్పైక్ మీద వేస్తే డిఫ్యూజ్ చేసేవాడు లేచి పారిపోవాలి లేదా కాలిపోవాలి.

రిజరెక్షన్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఆ పిలుపు మ్యాప్ అంతా వినపడుతుంది, లేచినవాడు కాసేపు కదలలేడు, కాల్చలేడు. అందుకే ముందు ఆ మూల చుట్టూ ఎవరూ లేరని తేల్చుకుని, అవసరమైతే వాల్ అడ్డం పెట్టి అప్పుడు లేపండి. మీరు ఒక్కరే మిగిలి అవతల నలుగురున్నప్పుడు కంటే, నలుగురికి నలుగురున్నప్పుడు ఐదోవాణ్ని లేపితే ఎక్కువ గెలుస్తారు.

సేజ్ ఒక్కరే వద్దు, రెండో ఏజెంట్‌గా బ్రిమ్‌స్టోన్ నేర్చుకోండి. కొత్త అకౌంట్‌కి మొదటినుంచీ ఉచితంగా వచ్చే ఐదుగురిలో (బ్రిమ్‌స్టోన్, జెట్, ఫీనిక్స్, సేజ్, సోవా) అతనూ ఒకడు, ఏమీ అన్‌లాక్ చేయనక్కర్లేదు. ముఖ్యంగా జట్టులో కంట్రోలర్ (బ్రిమ్‌స్టోన్‌లా పొగ వేసే పాత్ర) లేకపోతే సైట్‌లోకి వెళ్లడమే కష్టమవుతుంది. పబ్లిక్ గేముల్లో ఆ పాత్ర ఎవరూ తీసుకోరు. బ్రిమ్‌స్టోన్ స్మోక్‌లు మూడు, ఒక్కోటి 19 సెకన్ల పైచిలుకు నిలుస్తుంది, రౌండులో మళ్లీ నిండవు. ఓమెన్ అనే ఇంకో కంట్రోలర్‌వి 15 సెకన్లే, కాని కాసేపటికి మళ్లీ వస్తాయి. క్లోవ్ అనే కంట్రోలర్‌తో చచ్చాక కూడా స్మోక్ వేయొచ్చు, అందుకే ముందుకి దూకి ఆడే అలవాటున్నవాళ్లు ఆ ఏజెంట్‌ని ఇష్టపడతారు. మీకు మాత్రం బ్రిమ్‌స్టోన్ చాలు. మ్యాప్ తెరిచి చోటు నొక్కడమే, గురితో పనిలేదు.

స్మోక్ వేయడంలో చోటు కంటే వేళ కష్టం. అసెంట్ మ్యాప్‌లో A సైట్ కొట్టాలంటే హెవెన్ అనే చోటికి ఒకటి, ట్రీ అనే చోటికి ఒకటి. B సైట్ అయితే మార్కెట్‌కి ఒకటి, సీటీ (డిఫెన్స్‌వాళ్లు వచ్చే వైపు)కి ఒకటి. ఇది రెండు రోజుల్లో కంఠతా వచ్చేస్తుంది. కాని మనవాళ్లు ఇంకా మ్యాప్‌లో లాబీ అనే వెనక చోట ఉండగానే స్మోక్ వేసేస్తే, వాళ్లు సైట్‌లోకి అడుగు పెట్టేసరికి పొగ విడిపోతుంది. మనవాడు పడ్డాక వేస్తే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. నొక్కిన తర్వాత పొగ దిగడానికి ఒకటి రెండు సెకన్లు పడుతుందని గుర్తుంచుకుని, అందరూ మెయిన్ చివరికి చేరాక ‘స్మోక్ వేస్తున్నా, దిగాక వెళ్లండి’ అని చెప్పి వేయండి. ఇంకో పొరపాటు, పొగకీ గోడకీ మధ్య సందు మిగలడం. మీవైపునుంచి చూస్తే మూసుకుపోయినట్టే కనిపిస్తుంది, అవతలినుంచి చూస్తే మీ కాళ్లు కనిపిస్తాయి. దీనికి మందు ఒకటే: కస్టమ్ గేమ్ పెట్టి, చీట్స్ ఆన్ చేసి, అబిలిటీస్ తరగకుండా పెట్టుకుని, స్మోక్ వేసి అవతలివాడు నిలబడే చోటికి మీరే నడిచి వెళ్లి తిరిగి చూడండి. హెవెన్‌లో నిలబడి మీ పొగని మీరే చూస్తే సందు ఎక్కడుందో తెలిసిపోతుంది. ఒక మ్యాప్‌కి అరగంట పడుతుంది. అసెంట్ అయ్యాక హేవెన్ అనే మ్యాప్ తీసుకోండి. అక్కడ సైట్లు మూడు, బ్రిమ్‌స్టోన్ స్మోక్ అందే దూరానికి హద్దుంది, మీరు నిలబడే చోటుని బట్టి అవతలి సైట్‌కి అందకపోవచ్చు.

పొగ పక్కన ఆడేవాళ్లకి వాండల్ కంటే ఫాంటమ్ రైఫిల్ మేలు. రెండింటి ధరా 2900. వాండల్ ఎంత దూరంలోనైనా తలకి ఒక్క దెబ్బతో చంపుతుంది. ఫాంటమ్‌కి మాత్రం బుల్లెట్ గీత అవతలివాళ్లకి కనపడదు, చప్పుడూ తక్కువ. పొగలోంచి కాల్చినా ఎక్కడినుంచి వచ్చిందో వాళ్లకి తెలియదు. గుండ్లు 30, వాండల్‌కి 25.

డబ్బు దగ్గర సపోర్ట్‌లు ఒక తప్పు చేస్తారు: జట్టంతా డబ్బు దాచుకుంటున్న రౌండులో తనొక్కడే వాల్, స్లో కొనేసి తర్వాతి రౌండుకి రైఫిల్ లేకుండా పోవడం. రైఫిల్ 2900, పెద్ద షీల్డ్ 1000, వాల్ 400, ఒక స్లో 200: మొత్తం 4500. ఓడితే వచ్చేది వరుసగా 1900, 2400, 2900. గెలిస్తే 3000. కొనే 30 సెకన్లలో మొదట ట్యాబ్ నొక్కి మిగతా నలుగురి డబ్బు చూడండి, తర్వాతే కొనండి. మీ దగ్గర తక్కువై ఎవరి దగ్గరో పోగుపడి ఉంటే కొనే మెనూలో తుపాకీ మీద రైట్ క్లిక్ చేసి అడగండి. సపోర్ట్‌కి రైఫిల్ కొనిపెట్టడం దండగ అనుకునేవాళ్లు ఉంటారు, పట్టించుకోకండి. మొదటి పిస్టల్ రౌండులో 800 ఉంటుంది: వాల్, చిన్న షీల్డ్ కలిపి సరిగ్గా 800, లేదా ఘోస్ట్ పిస్టల్ 500కి, స్లో 200కి. పిస్టళ్లతో వాల్ పగలగొట్టడం నెమ్మది కాబట్టి డిఫెన్స్‌లో మొదటిది మంచిది. ఇంకో చిన్న సంగతి చాలామందికి తెలియదు: అటాక్‌లో ఉండి స్పైక్ పెట్టకుండా టైం అయిపోయేదాకా దాక్కుని బతికితే ఓటమి డబ్బు పూర్తిగా రాదు, 1000 మాత్రమే వస్తుంది. అయినా చేతిలో ఆపరేటర్ ఉంటే దాచుకోవడమే లాభం, మామూలు పిస్టల్ ఉంటే మాత్రం దాక్కోకండి.

తిట్ల గురించి. మీరు నలుగురూ తెలుగువాళ్లు. కాంపిటీటివ్‌లో (ర్యాంకు కోసం ఆడే మోడ్) నలుగురికి పార్టీ కుదరదు, అక్కడ ఇద్దరు, ముగ్గురు, ఐదుగురికే అనుమతి. కాబట్టి మీరు అన్‌రేటెడ్‌లో (ర్యాంకు లేని మోడ్) నలుగురు ఆడుతుంటారు, ఐదో మనిషి ఎవరో తెలియనివాడు. మీరు నలుగురూ పార్టీ వాయిస్‌లో తెలుగులో మాట్లాడుకుంటే వాడికి ఏమీ వినపడదు. టీం వాయిస్‌లోకి రండి. ముంబై సర్వర్‌లో వాడు హిందీవాడు కావచ్చు, తమిళుడు కావచ్చు, కన్నడిగుడు కావచ్చు. చోటు పేరు, ఎంతమంది, ఏ ఏజెంట్‌కి ఎంత దెబ్బ: ‘ఏ మెయిన్, టూ, రేజ్ ఎయిటీ’ (రేజ్ ఒక ఏజెంట్). ఇది ఏ భాషవాడికైనా అర్థమవుతుంది. ‘అక్కడ ఉన్నాడు, అక్కడ’ అంటే పక్క మంచం మీద కూర్చున్న కడప కుర్రాడికి కూడా అర్థం కాదు. హీల్ లేనప్పుడు ‘హీల్ 20 సెకన్లలో’ అని ముందే చెప్పేస్తే ‘హీల్ ఎక్కడ’ అనే కేక సగం తగ్గుతుంది. చచ్చాక ఒక్క వాక్యం చెప్పి ఊరుకోండి, బతికున్నవాడికి అడుగుల చప్పుడు వినపడాలి. ఎవరైనా బూతులు మొదలుపెడితే మ్యూట్ చేసి ఆడండి, మ్యాప్ మీద వాళ్లు పెట్టే గుర్తులు (పింగ్‌లు) కనిపిస్తూనే ఉంటాయి.

స్కోర్‌బోర్డు క్రమం ముఖ్యంగా దెబ్బలు, కిల్స్ మీద నడుస్తుంది. మీ పొగ వల్ల మనవాడు ప్రాణంతో సైట్ దాటిన సంగతి అందులో ఎక్కడా పడదు. బదులుగా మ్యాచ్ అయ్యాక రెండు చూసుకోండి: రౌండుల్లో మీరు మొదట చచ్చినవి ఎన్ని, చచ్చేటప్పుడు వాడకుండా మిగిలిపోయిన అబిలిటీస్ ఎన్ని. ఈ రెండూ తగ్గుతుంటే మీరు బాగుపడుతున్నట్టే, కింద ఉన్నా సరే. గురి కోసం రోజూ ఆటకి ముందు పది నిమిషాలు రేంజ్‌లో బాట్‌లని తలకి మాత్రమే కొట్టండి, తర్వాత ఒక డెత్‌మ్యాచ్. అన్‌రేటెడ్‌లో అప్పుడప్పుడు ఫీనిక్స్‌తోనో జెట్‌తోనో ఆడండి. డ్యూయలిస్ట్‌గా మారడానికి కాదు, సైట్‌లోకి దూకేవాడికి ఏ క్షణంలో పొగ కావాలో, వెనకనుంచి ఎవరూ రాకపోతే ఎలా ఉంటుందో తెలియడానికి.

ఇక వైఫై. ముందు సెట్టింగ్స్‌లో వీడియో కింద స్టాట్స్‌లో నెట్‌వర్క్ రౌండ్ ట్రిప్ (పింగ్, అంటే సర్వర్‌కి వెళ్లి రావడానికి పట్టే మిల్లీసెకన్లు), ప్యాకెట్ లాస్ (దారిలో పోయే డేటా) రెండూ ఆన్ చేయండి. బెంగళూరునుంచి ముంబై సర్వర్‌కి మంచి ఫైబర్ మీద పింగ్ మామూలుగా 20-40 మధ్య ఉంటుంది. లాబీలో సర్వర్ల జాబితా చూడండి, సింగపూర్ కూడా టిక్ అయి ఉంటే తీసేసి ముంబై ఒక్కటే ఉంచండి. పింగ్ నిలకడగా ఉండి ప్యాకెట్ లాస్ ఎగిరెగిరి పడుతుంటే తప్పు మీ గదికీ రూటర్‌కీ మధ్య ఉండొచ్చు. 2.4 గిగాహెర్ట్జ్ మీద ఉంటే 5కి మారండి, పీజీ భవనంలో 2.4 మీద పక్కింటి రూటర్లన్నీ కొట్టుకుంటుంటాయి. పింగే 150కి లేస్తుంటే పదికి అందరూ వీడియోలు పెట్టడం వల్ల లైన్ నిండిపోతూ ఉండొచ్చు. అప్పుడు గదిలో ఏం చేసినా లాభం తక్కువ, పీజీ ఓనర్‌ని రూటర్‌లో గేమింగ్‌కి ప్రాధాన్యం పెట్టమని అడగాలి.

అన్నిటికంటే మంచిది లాన్ కేబుల్. క్యాట్ 6 తీసుకోండి, 15-20 మీటర్లయినా వేగం తగ్గదు. ల్యాప్‌టాప్‌కి లాన్ పోర్ట్ లేకపోతే యూఎస్‌బీ 3.0 గిగాబిట్ అడాప్టర్ దొరుకుతుంది. ఓనర్ కేబుల్ ఒప్పుకోకపోతే ఫోన్‌లో 5జీ సిగ్నల్ బాగున్న కిటికీ దగ్గర కూర్చుని, హాట్‌స్పాట్ కాకుండా యూఎస్‌బీ టెథరింగ్ పెట్టి చూడండి. వైఫై గొడవ లేకుండా పోతుంది కాబట్టి పింగ్ కొంచెం ఎక్కువైనా నిలకడగా ఉంటుంది. ఆడేముందు విండోస్ అప్‌డేట్, స్టీమ్ డౌన్‌లోడ్‌లు, వన్‌డ్రైవ్ ఆపేయండి, మీ ఒక్కరివే కాదు, ఆ గదిలో నలుగురివీ. ఈ ఏర్పాటు అయ్యేదాకా పది తర్వాత కాంపిటీటివ్ పెట్టుకోవద్దు. మధ్యలో లైన్ తెగి బయటపడితే పెనాల్టీ మీ అకౌంట్ మీదే పడుతుంది, మిగతావాళ్లు నలుగురితో ఆడాల్సి వస్తుంది. ఆ వేళలో కస్టమ్ గేమ్ పెట్టుకుని అసెంట్ స్మోక్‌లు వేసుకోండి, దానికి నెట్ కాస్త అటూ ఇటూ అయినా నష్టం లేదు.